పురుగుల బడి

మా ఆయన శేషగిరి తాచుపాము ఎదురైతే కర్రతో పక్కకి జరిపి నడిచిపోయే మనిషి. అదే పత్తిచేలో ఒక్క పచ్చపురుగు కనబడిందంటే మాత్రం ఆ రోజు ఆయనకి అన్నం సయించదు. నిజానికి ఆ భయం పురుగుని చూసి కాదు. పక్కచేను ఆదెయ్య అన్నయ్య మందు కొట్టి తను కొట్టకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని. ఆదెయ్య అన్నయ్య కొట్టాడని మా ఆయన కొట్టేవాడు. మా ఆయన కొట్టాడని ఆదెయ్య అన్నయ్య ఇంకో రకం డబ్బా తెచ్చి కొట్టేవాడు. గట్టు మీద నిలబడి చూసేవాళ్ళకి వీళ్ళు పురుగుల మీద పగబట్టారో ఒకరి మీద ఒకరు పగబట్టారో అర్థమయ్యేది కాదు.

నేను చెప్పేది రెండువేల నాలుగులో వేసిన పత్తి సంగతి. ప్రత్తిపాడులో ఆటో ఎక్కితే పావుగంటలో దిగే ఊరు మాది. నాలుగెకరాల నల్లరేగడి. అంతకు ముందేడు ఎదురుగాలికి మందు కొట్టి మా ఆయన చేలోనే పడిపోతే, మంచం మీద మోసుకొచ్చి గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. రెండు రోజులు సెలైన్లు పెట్టారు. మూడోనాడు ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుని ఆయన అడిగిన మొదటి మాట, "ఆదెయ్య మళ్ళీ కొట్టాడా?" అని. బతికొచ్చినందుకు సంతోషపడాలో, నెత్తి బాదుకోవాలో తెలియక నేనూ మా అత్తగారు సుబ్బరావమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అట్లాంటి ఊరికి జూలై నెలలో, పత్తి మొక్క నాలుగాకులేసిన రోజుల్లో, స్కూటీ మీద ఒకమ్మాయి వచ్చింది. పేరు మనోజ్ఞ. వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిందట. పంజాబీ డ్రస్సు, నెత్తిన టోపీ, భుజాన బరువైన సంచీ. బడి వరండాలో రైతుల్ని కూర్చోబెట్టింది. ఆ రోజు మా డ్వాక్రా మీటింగు కూడా అక్కడే కావడంతో మేం పదిమంది ఆడవాళ్ళం వరండా చివర నిలబడి చూస్తున్నాం.

"పొలంబడి పెడుతున్నామండీ" అంది మనోజ్ఞ. "ప్రతి బుధవారం పొద్దున్నే చేలోనే పాఠం. పంట అయ్యేదాకా. విషపు మందులు లేకుండా పత్తి తీయడం ఎట్టాగో అందరం కలిసి నేర్చుకుందాం."

ఆదెయ్య అన్నయ్య లేచాడు. "భోజనాలు ఉంటాయా అమ్మాయ్?"

"ఉండవండీ."

"పోనీ టోపీలు, సంచులు?"

"ఒక నోటు పుస్తకం, పెన్సిలు ఇస్తామండీ."

మందుల కంపెనీవాళ్ళు మీటింగు పెడితే కోడికూరతో భోజనం పెట్టి, చీటీలు తీసి టార్చిలైట్లు పంచుతారు. దానికి అలవాటు పడిన మగవాళ్ళు, గేదెకి నీళ్ళు పెట్టాలంటూ ఒక్కొక్కరే లేచారు. మా ఊళ్ళో మగవాళ్ళకి గేదె దాహం గుర్తురావడం అదే మొదటిసారి. మా ఆయన ముందు వరసలో కూర్చోవడంతో లేస్తే బాగుండదని ఆగిపోయాడు. ఆ మొహమాటంలో పేరు కూడా రాయించాడు.

మంగళవారం సాయంత్రం నాతో అన్నాడు, "రేపు నువ్వెళ్ళి, నా పేరు పిలిచినప్పుడు ఉన్నామని చెప్పేసి రా. నాకు బస్టాండు కాడ పనుంది."

బస్టాండు కాడ ఆయనకి ఉండే పనేమిటో పదిహేడేళ్ళ కాపరంలో నాకు తెలియలేదు. అక్కడ ఒక టీకొట్టు, దాని ముందు ఒక బల్ల, ఆ బల్ల మీద ఊళ్ళో మగవాళ్ళూ ఉంటారని మాత్రం తెలుసు.

బుధవారం నేను వెళ్ళేసరికి మా చేను గట్టు మీద పద్నాలుగు మంది ఉన్నారు. అందులో పదమూడు మంది నాలాగే మొగుళ్ళ హాజరు చెప్పడానికి వచ్చినవాళ్ళు. కరీమున్ ఒక్కతే సొంత పనిమీద వచ్చింది. దాని మొగుడు మీరావలి గుంటూరులో ఆటో తోలుకుంటాడు. ఎకరంన్నర కౌలుకి తీసుకుని సేద్యమంతా కరీమునే చేసుకుంటుంది.

"శేషగిరి గారు?" అని పిలిచింది మనోజ్ఞ.

"ఉన్నామండీ" అన్నాను.

తలెత్తి చూసి నవ్వింది. "మీరేనా శేషగిరి గారు?"

"ఆయన తరఫున వచ్చానండీ."

"పొలంలో కలుపు ఎవరు తీస్తారు?"

"నేనూ, కూలోళ్ళూ."

"పత్తి ఎవరు తీస్తారు?"

"మేమేనండీ."

"మరి ఆయన తరఫునేంటి?" అని పుస్తకంలో పేరు కొట్టేసి, "మీ పేరు చెప్పండి" అంది.

చెప్పాను. ఆమె రాసింది నేను తలకిందులుగా చదివాను. రాజ్యలక్ష్మి, రైతు. రేషను కార్డులో నేను గృహిణిని. ఓటరు లిస్టులో శేషగిరి భార్యని. పెళ్ళికాకముందు ఫలానా వారి రెండో అమ్మాయిని. పేరు పక్కన ఈ మాట ఎవరూ రాసింది లేదు. ఆ రోజు ఇంటికొచ్చి కూర తరుగుతూ కూడా ఆ అక్షరాలే చూసుకుంటూ ఉన్నాను కాబోలు, మా అత్తగారు, "ఏమే, వంకాయ ముక్కలు కోస్తున్నావా, మెంతికూర చేస్తున్నావా?" అంది. చూస్తే ముక్కలు అంత సన్నగా తరిగేశాను.

ఆ బడిలో పాఠం ఎట్టా ఉండేదంటే, నలుగురు నలుగురు కలిసి చేలోకి దిగి, ఇరవై మొక్కలు ఆకు తిరగేసి చూడాలి. ఏ పురుగు ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. తర్వాత గట్టు మీద కూర్చుని పెద్ద కాగితం మీద మొక్క బొమ్మ గీసి, ఒక పక్క పంటని తినే పురుగుల్నీ, రెండో పక్క ఆ పురుగుల్ని తినే పురుగుల్నీ వేయాలి. ఊళ్ళోవాళ్ళు దీనికి పురుగుల బడి అని పేరు పెట్టారు. టీకొట్టు బల్ల మీద మా ఆయన్ని, "మీ ఆవిడ ఒకటో తరగతి పాసయిందా?" అని ఏడిపించేవాళ్ళట.

రెండో వారమే మనోజ్ఞ ఒక ఎర్రటి పురుగుని అరచేతిలో పెట్టుకుని చూపించింది. వీపు మీద నల్లచుక్కలు, బొట్టుబిళ్ళంత. "ఇదేంటో ఎవరికైనా తెలుసా?"

"అక్షింతల పురుగు" అన్నాను. "అది ఆకుని తినదండీ. ఆకు కింద జిగటగా పేనులాంటివి పడతాయే, వాటిని తింటుంది. దాని పిల్లలు ఇంకా ఎక్కువ తింటాయి. అవి చూడ్డానికి మొసలి పిల్లల్లా ఉంటాయి."

మనోజ్ఞ ఆ పురుగుని ఆకు మీద వదిలింది. "ఎక్కడ చదివారు?"

"చదవలేదండీ. కలుపు తీసేటప్పుడు మొహం మొక్కకి దగ్గరగానే ఉంటుంది కదా. కనబడతాయి."

"ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నారు?"

"కాపరానికి వచ్చినప్పట్నుంచీ."

"ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదండీ" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు మనోజ్ఞ చెప్పింది. మేం మందు కొట్టిన ప్రతిసారీ ముందు చచ్చేది ఈ ఎర్రపురుగులేనట. కాపలావాళ్ళని చంపేసి దొంగల కోసం వెతుకుతున్నామన్నమాట ఇన్నేళ్ళూ.

నాలుగో వారం ప్లాస్టిక్ బుట్టలు తెచ్చింది. కర్రకి కట్టే గరాటా, కింద వేలాడే సంచీ, పైన మూతకి ఒక చిన్న రబ్బరు బిళ్ళ. ఆ బిళ్ళకి ఆడ రెక్కలపురుగు వాసన పట్టించి ఉంటుందనీ, ఆ వాసనకి మగపురుగులు ఎగురుకుంటూ వచ్చి గరాటాలో పడి సంచీలో చస్తాయనీ చెప్పింది.

కరీమున్ ముక్కుమీద వేలేసుకుంది. "లోపల ఆడది ఉండదా మేడం?"

"ఉండదు. వాసన ఒక్కటే."

"వాసనకే ఇన్ని చస్తాయా! ఆడపురుగులు పడవా?"

"పడవు."

"వాటికి గుడ్లు పెట్టుకునే పనుంటదిలే" అంది కరీమున్. మనోజ్ఞతో సహా అందరం గట్టు మీద పడిపడి నవ్వాం. నడుస్తూ పోతున్న ఆదెయ్య అన్నయ్య, "ఏంది నవ్వుతున్నారు?" అని అడిగాడు. ఏం చెప్పగలం? "పాఠం అన్నయ్యా" అన్నాను.

మా ఆయన నాలుగెకరాల్లో ఒక్క ఎకరం నాకు వదిలాడు. వదిలాడంటే, "ఆ డొంకదారి పక్క ఎకరం నీ ఆటలకి ఉంచుకో, మిగతా మూడింటి జోలికి రాకు" అన్నాడు. పురుగు ముందు దాని మీదే గుడ్లు పెడుతుందని ఆ ఎకరం చుట్టూ బంతి వేశాను. బుట్టలు కట్టాను. పురుగుల్ని తినే పిట్టలు వాలడానికి కర్రలు పాతాను. మా అత్తగారు మొదట్లో సణిగింది, "తిని కూర్చున్న పిట్టలకి మళ్ళీ పీటలేస్తారటే" అని. వేపగింజల కషాయం అనేసరికి మాత్రం ఆవిడే ముందుకొచ్చింది. "ఇది మా అమ్మ చేసేదే. దీనికి స్కూటీ మీద వచ్చి చెప్పాలా?" అంటూ గింజలు రోట్లో తనే దంచింది. ఇంట్లో వారం రోజులు వేప వాసన. మా పెద్దమ్మాయి అఖిల పదో తరగతి. "నా పుస్తకాలకి కూడా చేదు పట్టిందమ్మా" అని గోల చేసేది, సాయంత్రాలు మాత్రం నాతోపాటు వచ్చి మొక్కల బొమ్మలు అదే గీసేది.

అసలు పరీక్ష అక్టోబరులో వచ్చింది. నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదోనాడు ఎండ కాసేసరికి ఊరంతా ఒకటే కేక, పురుగు పడిందని. శనివారం పొద్దున్న ఆదెయ్య అన్నయ్య మా వాకిట్లోకి వచ్చి అరుస్తున్నాడు.

"ఒరేయ్ శేషగిరీ! ఆకుకి నాలుగు గుడ్లున్నయ్ రా! ఇయ్యాల కొట్టకపోతే ఎల్లుండికి చేను మోడే!"

మా ఆయన చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మందుల కొట్టుకి పరిగెత్తాడు. నాలుగెకరాలకీ సరిపోను డబ్బాలు తెచ్చాడు.

"నాలుగెందుకు?" అన్నాను.

"ఆటలు చాలు రాజ్యం. ఇది నవ్వులాట కాదు. పంట పోద్ది."

"ఒక్క గంట ఆగండి. చూసొస్తాను."

మనోజ్ఞ రావాలంటే ఇంకా నాలుగు రోజులుంది. ఎవర్ని అడగాలి? కరీమున్ని పిలుచుకుని చేలోకి దిగాను. ఆదెయ్య అన్నయ్య అబద్ధం చెప్పలేదు. లేత ఆకుల మీద గసగసాల గింజంత గుడ్లు, ఎక్కడ చూసినా. అంతలో కరీమున్, "రాజ్యమక్కా, ఇవి తెల్లగా లేవు, నల్లగా ఉన్నయ్ చూడు" అంది.

నల్లగుడ్ల గురించి మనోజ్ఞ చెప్పింది. కంటికి ఆనని ఒక సన్న ఈగ పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. అప్పుడా గుడ్డు పూర్తిగా నల్లబడుతుంది. అందులోంచి పురుగు రాదు, ఆ ఈగే వస్తుంది. పురుగు బయటికి రాబోయే గుడ్డు కూడా కొంచెం నల్లబడుతుంది గానీ పైన చుక్కలా మాత్రమే. చుక్కా, పూర్తి నలుపా? ఈ తేడా మీద ఎకరం పంట ఆధారపడి ఉంది. ఇరవై మొక్కలు చూశాం. మళ్ళీ ఇంకో ఇరవై చూశాం. పదిలో ఏడు పూర్తిగా నలుపే. మందు పడని ఎకరం కాబట్టి ఆ సన్న ఈగలు బతికున్నాయి. ఇప్పుడు మందు పడితే ముందు చచ్చేది అవే.

నేను ఆకు పట్టుకుని కూర్చుని ఉండగానే ఇంజను చప్పుడు వినిపించింది. మా ఆయన వీపున పవర్ స్ప్రేయర్, ముక్కుకి తువ్వాలు. వెనక గట్టు మీద ఆదెయ్య అన్నయ్య, ఇంకో ఐదారుగురు. టీకొట్టు బల్లంతా కదిలి వచ్చినట్టుంది.

"లే రాజ్యం, పక్కకి తప్పుకో."

"ఈ ఎకరానికి వద్దండీ. గుడ్లు నల్లబడ్డాయి. పురుగు రాదు."

"రాకపోతే మంచిదే. వస్తే?"

"వస్తే చేత్తో ఏరతాను."

గట్టు మీద ఎవరో పకపకా నవ్వారు. మా ఆయన మొహం ఎర్రబడింది. "పంట పోతే ఎవరు జవాబు చెప్తారు?"

"నేను చెప్తాను."

"ఎవరికి?"

"మీకే."

"నాకెప్పుడు జవాబు చెప్పావే నువ్వు!" అన్నాడు. ఇంకొకప్పుడైతే నాకు నవ్వొచ్చేదే. అప్పుడు రాలేదు. లేచి సాలు మధ్యలో నిలబడ్డాను. చీర కొంగు నడుముకి దోపుకున్నాను.

"కొట్టండి" అన్నాను. "నేనిక్కడే ఉంటాను. నా మీద పడుద్ది."

ఇంజను గురగురలాడుతూనే ఉంది. ఆయన నా వంక చూశాడు, గట్టు మీద జనాన్ని చూశాడు, మళ్ళీ నా వంక చూశాడు. ఏమనుకున్నాడో, గిర్రున తిరిగి తన మూడెకరాల వైపు వెళ్ళిపోయాడు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా నేను అట్లాగే నిలబడ్డాను. తర్వాత కూలబడ్డాను. కరీమున్ నా పక్కన కూర్చుని, "ఇప్పుడు పురుగు వచ్చిందనుకో అక్కా, మనిద్దరం ఊరొదిలి పోవాల్సిందే" అంది.

"ఎక్కడికి పోదాం?"

"మీరావలి ఆటో ఉంది కదా."

ఆదివారం, సోమవారం తెల్లవారకముందే చేలో ఉన్నాను. నల్లగుడ్లు నల్లగానే ఉన్నాయి. తెల్లగుడ్లు పగిలి సన్నపురుగులు వచ్చాయి. అనుకున్నంత లేవు. అయినా వచ్చాయి. మా అత్తగారు కిరసనాయిలు కలిపిన నీళ్ళ డబ్బా పట్టుకుని వచ్చింది. అఖిల బడి ఎగ్గొట్టింది. కరీమున్ తన చేను పొద్దున్నే చూసుకుని ఇటు వచ్చేది. నలుగురం రెండు రోజులు ఎకరం చేనూ మొక్కమొక్కా తిరగేశాం. కషాయం పిచికారీ చేశాం. అరవై రెండేళ్ళ మా అత్తగారు నడుం వంచి పురుగుల్ని ఏరి డబ్బాలో పడేస్తూ, "వీటికి వేళ్ళు చాలుగదే. వాడికి ఆ ఇంజనెందుకు?" అనేది.

మంగళవారం మధ్యాహ్నం మా ఆయన మూడెకరాలకీ రెండోసారి మందు కొట్టి వచ్చాడు. వాకిట్లోనే వాంతి చేసుకున్నాడు. కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. సబ్బుతో ఒళ్ళంతా కడిగించి, ఆటోలో ప్రత్తిపాడు తీసుకెళ్ళి ఇంజక్షన్లు చేయించి తెచ్చాను. ప్రమాదం లేదన్నారు. రెండు రోజులు మంచం దిగలేదు. అనాలనుకున్నవి చాలా ఉన్నాయి గానీ, ఆ మొహం చూస్తే అనబుద్ధి కాలేదు. మా అత్తగారు మాత్రం ఊరుకోలేదు. మజ్జిగ గ్లాసు చేతికిస్తూ, "ఒరేయ్, పురుగు చచ్చిందా?" అని అడిగింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న నేను చేలోకి వెళ్ళేసరికి నాకంటే ముందు ఎవరో ఉన్నారు. నా ఎకరంలో, బంతిచెట్ల పక్కన, మా ఆయన. కళ్ళజోడు పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక ఆకు తిరగేసి పట్టుకుని ఉన్నాడు. నేను వచ్చిన అలికిడి విని కూడా తలెత్తలేదు.

"ఇదేం పురుగు?" అని అడిగాడు.

వంగి చూశాను. పచ్చటి అల్లిక రెక్కలు, దారపుపోగంత ఒళ్ళు. "మంచిదే" అన్నాను. "గుడ్లని తింటుంది."

"ఇది?"

"సాలీడు. అదీ మనదే."

"ఇది?"

"అది మనది కాదు" అని తుంచి డబ్బాలో వేశాను.

ఎండ ఎక్కేదాకా అట్లా సాలు వెంట సాలు తిరిగాం. ఆయన అడగడం, నేను చెప్పడం. పదిహేడేళ్ళ కాపరంలో ఆయన ఇన్ని ప్రశ్నలు వేసింది, నా జవాబు చివరిదాకా విన్నది అదే మొదలు. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన నన్నేమీ అడగలేదు. వాళ్ళ మేనమామే అన్నీ అడిగాడు.

డిసెంబరులో వ్యవసాయ శాఖవాళ్ళు మా చేను పక్కనే షామియానా వేశారు. చుట్టుపక్కల ఊళ్ళ రైతుల్ని పిలిచి పంట చూపించడం. మార్టూరు వైపు నుంచి కూడా ట్రాక్టరు ట్రక్కులో జనం వచ్చారు, ఆడవాళ్ళే ఎక్కువ. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మైకు పట్టుకున్నాయన పాసు పుస్తకంలో పేరు చూసి రాసుకున్నట్టున్నాడు, "ఇప్పుడు ఈ చేను రైతు శేషగిరి గారు తమ అనుభవాలు చెప్తారు" అన్నాడు.

మా ఆయన అలవాటు కొద్దీ లేచాడు. రెండడుగులు వేశాడు కూడా. అక్కడ ఆగి, చొక్కా సర్దుకుని, "ఆ ఎకరం రైతు మా ఆవిడండీ" అన్నాడు. "నేను పక్క మూడెకరాలు." చెప్పేసి వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

మైకు నా చేతికిచ్చారు. దాని బరువు నాకు తెలియదు, ముందు జారవిడవబోయాను. ఎదురుగా కరీమున్ కూర్చుని ఉంది. దానితో మాట్లాడుతున్నాననుకుని మొదలుపెట్టాను. ఎర్రపురుగు సంగతి, నల్లగుడ్ల సంగతి, మా అత్తగారి రోలు సంగతి చెప్పాను. బుట్టల దగ్గరికి వచ్చేసరికి, మగపురుగులు వాసనకే వచ్చి పడతాయనగానే ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వులు లేచాయి. మనోజ్ఞ టోపీ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"పత్తి ఎక్కువ వచ్చిందని చెప్పను" అన్నాను. "మా ఆయన ఎకరానికి ఎంత వచ్చిందో నా ఎకరానికీ అంతే వచ్చింది. ఆయన పదమూడుసార్లు మందు కొట్టారు. నేను ఒక్కసారి కూడా కొట్టలేదు. నా ఎకరం వల్ల ఇంట్లో ఎవరూ మంచాన పడలేదు."

వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు. "బాగా చెప్పావమ్మా. ఇవన్నీ మీ ఆయన నేర్పించాడా?"

"ఆయన చెప్పినట్టు చేసిన చేను పక్కనే ఉందండీ" అన్నాను. "అదీ చూసి వెళ్ళండి."

షామియానా ఊగిపోయేలా నవ్వారు. మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది. మా ఆయన నవ్వడానికి కొంచెం ఆలస్యమైంది గానీ, చివరికి ఆయనా నవ్వాడు. ఆ పక్కనే కూర్చున్న ఆదెయ్య అన్నయ్య మాత్రం నవ్వలేదు. ఆయన నా చేను వైపే చూస్తున్నాడు.

మీటింగు అయ్యాక మార్టూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళు నన్ను చుట్టేశారు. అందులో ఒకామె పేరు షాజాదీ. "మా ఇంట్లో ఆయన రాయి పాలిషింగుకి పోతాడక్కా. చేను నేనే చూసుకోవాలి. మా ఊళ్ళో నాలాంటోళ్ళు ఇంకా ఉన్నారు. ఒక్కసారి వచ్చి చూపిస్తావా?"

"వస్తాను" అన్నాను. "వచ్చే శుక్రవారం."

ఇంటికి నడుస్తుంటే సగం దారిలో గుర్తొచ్చింది, మా ఆయన్ని అడగలేదని. అడగాలని తోచనే లేదని. పక్కనే నడుస్తున్నాడు. విన్నాడో లేదో.

"ఏ రోజన్నావ్?" అన్నాడు. విన్నాడన్నమాట.

"శుక్రవారం."

"ఆ రోజు పొన్నూరులో మా మేనత్త కొడుకు గృహప్రవేశం కదా."

"మీరూ అత్తయ్యా వెళ్ళిరండి."

"నువ్వేదని అడుగుతారు. ఏం చెప్పను?"

"పురుగుల దగ్గరికి వెళ్ళిందని చెప్పండి."

డొంక దాటి, ఊరి మొదట్లో ఇళ్ళు కనబడేదాకా నడిచాం. అప్పుడన్నాడు, "చిలకలూరిపేటలో బస్సు మారాలి. మొదటి బస్సుకి వెళ్తే సీటు దొరుకుద్ది."

శుక్రవారం మొదటి బస్సెక్కాను. సీటు దొరికింది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ బస్సెక్కింది పెళ్ళిళ్ళకి, చావులకి, పురుళ్ళకి, ఆసుపత్రులకి. పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్ళు, ఒళ్ళో ఒక బిడ్డో, స్టీలు క్యారియరో ఉండేది. ఆ రోజు పక్కన మనవాళ్ళెవరూ లేరు, ఒళ్ళో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కాసేపు తెలియలేదు. కిటికీ బయట మిరపచేలు, ఎరుపెక్కుతున్న కాయలు, మంచులో వెనక్కి పోతున్నాయి.

పక్క సీటులో పెద్దావిడ అడిగింది, "చుట్టాలింటికామ్మా?"

"కాదండీ."

"ఆసుపత్రికా?"

"కాదండీ. పని మీద వెళ్తున్నా."

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఏం పని?" అంది.

చిలకలూరిపేట వచ్చేదాకా చెప్పాను.